గ్లాండ్యులర్ ఫీవర్ తర్వాత వదలని నీరసం: బెంగళూరులో ఏం తినాలి, ఏది మానాలి, డబ్బు దేనికి పెట్టాలి

జ్వరం తగ్గింది, మెడ దగ్గర కట్టిన బిళ్ళలు కరిగాయి, గొంతు తెరుచుకుంది. అయినా స్నానం చేసి వస్తే చాలు, మళ్ళీ పడుకోవాలనిపిస్తుంది. గ్లాండ్యులర్ ఫీవర్ వచ్చి తగ్గిన పిల్లలకు బెంగళూరు పీజీ హాస్టళ్ళలో అసలు టెన్షన్ ఇక్కడే మొదలవుతుంది. ప్రొటీన్ పౌడర్ కొనాలా, గుడ్లు చాలా? మల్టీవిటమిన్ వేసుకోవాలా, అమ్మ పంపిన కషాయం తాగాలా? పీజీలోనే ఉండాలా, సెలవు పెట్టి ఊరెళ్ళిపోవాలా? మా తమ్ముడికి ఈ జబ్బు వచ్చినప్పుడు మారతహళ్ళి పీజీ నుంచి మా ఇంటికి తెచ్చుకుని చూసుకున్నాను. అప్పటి నుంచి తెలిసినవాళ్ళు ఈ ప్రశ్నలన్నీ నన్నే అడుగుతున్నారు. నేను డాక్టర్ని కాదు. డాక్టర్లు చెప్పినదీ వంటింట్లో పనికొచ్చినదీ కలిపి, దేనికంటే ఏది మేలో నాకు తోచినట్టు చెబుతాను.

ముందు జబ్బు సంగతి క్లుప్తంగా. దీనికి కారణం 1964లో గుర్తించిన ఎప్‌స్టీన్-బార్ వైరస్. ప్రపంచంలో పెద్దవాళ్ళలో 90 శాతానికి పైగా ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకినవాళ్ళే. పసితనంలో సోకితే చాలావరకు తెలియకుండానే పోతుంది. కాలేజీ వయసులోనో, కొత్తగా ఉద్యోగంలో చేరే వయసులోనో తొలిసారి సోకితే మనిషిని పడగొడుతుంది. ఎంగిలి ద్వారా అంటుకుంటుంది కాబట్టి రూమ్మేట్‌తో నీళ్ళ సీసా, స్పూను పంచుకోకండి. అంతకు మించి గదిలో దాక్కోనవసరం లేదు. ఇది వైరస్ కాబట్టి యాంటీబయాటిక్స్ పనిచేయవు. పైగా గొంతు నొప్పికని అమాక్సిసిలిన్ వేసుకుంటే చాలామందికి ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి. ఎక్కువమంది రెండు నుంచి నాలుగు వారాల్లో కోలుకుంటారు. నీరసం మాత్రం కొందరిని నెలల తరబడి వదలదు. సుమారు పదిమందిలో ఒకరికి ఆరు నెలలు గడిచినా ఉంటుంది.

ఈ నీరసాన్ని పోగొట్టే ప్రత్యేకమైన ఆహారం అంటూ ఏదీ లేదు. ఉందని చెప్పి ఎవరైనా డబ్బా అమ్మితే కొనకండి. తిండి చేయగలిగింది వేరే ఉంది. జ్వరంలో కరిగిన కండను తిరిగి నిలబెడుతుంది. ఆకలి చచ్చి రోజంతా ఖాళీ కడుపుతో ఉండే ఒంటికి ఇంధనం ఇస్తుంది. ముందు నుంచే ఉన్న ఐరన్, బి12 లాంటి లోపాలను పూడుస్తుంది. అందుకే రెండు వంటల మధ్య ఏది ఎంచుకోవాలన్నా నేను ఒక్క ప్రశ్నే వేసుకుంటాను. దీన్ని తెచ్చుకోవడానికి, వండుకోవడానికి, నమలడానికి ఎంత ఓపిక పోతుంది, బదులుగా ఒంటికి ఎంత అందుతుంది? ఆరోగ్యకరమైన సాలడ్ చేసుకోవడానికి అరగంట నిలబడి, ఆ తర్వాత మూడు గంటలు పడిపోయేటట్టయితే ఆ సాలడ్ ఈ దశకు పనికిరాదు.

గొంతు దిగనప్పుడు

మొదటి వారాల్లో టాన్సిల్స్ వాచి ఉమ్ము మింగడమే నరకంగా ఉంటుంది. అందరూ ముందు కొబ్బరి బోండాం కొట్టించుకొస్తారు. మంచిదే, పొటాషియం ఉంటుంది. కానీ ఉప్పు తక్కువ, కేలరీలు కూడా తక్కువ. దాహానికి సరిపోతుంది గానీ భోజనానికి బదులు కాదు. ఓఆర్ఎస్ వాంతులో విరేచనాలో అయి నీళ్ళు పోయినప్పుడు తాగాల్సినది. ఈ జబ్బులో అందరికీ అవసరం రాదు. కావాలంటే లీటరు నీళ్ళలో కలిపే డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా పొడి ప్యాకెట్టే అడిగి తీసుకోండి. అసలు ఫార్ములాలో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే. అంతకు మించి చక్కెర ఉన్న డ్రింకులు టెట్రాప్యాకుల్లో ఓఆర్ఎస్ పేరుతో అమ్ముడుపోతుండటంతోనే 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకూడదని చెప్పింది. ఇక గ్లూకోజు పొడి నీళ్ళలో కలుపుకుంటే అందేది తీపి మాత్రమే.

నా ఓటు ఉప్పు వేసిన మజ్జిగకీ, చారన్నానికీ, పాలు పోసి కాచిన రాగి జావకీ. రాగి బెంగళూరులో ఏ కిరాణా కొట్లో అయినా దొరుకుతుంది, వంద గ్రాముల పిండిలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అయితే ఒక సంగతి గమనించాలి. ప్రొటీన్ వంద గ్రాముల పిండిలోనే ఏడు గ్రాములు, గ్లాసు జావలో పడే పిండి రెండు మూడు చెంచాలు. నీళ్ళతో పల్చగా కాచి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి తాగి బలమైన తిండి తిన్నామనుకుంటే ఒళ్ళు ఇంకా చిక్కిపోతుంది. అదే జావ పాలతో కాచి, మెత్తగా దంచిన పల్లీల పొడి చెంచాడు కలిపితే భోజనానికి దగ్గరగా వస్తుంది. పెసరపప్పు, బియ్యం సగం సగం వేసి గుజ్జుగా ఉడికించి నెయ్యి వేసిన పులగం ఇంకా మేలు.

చల్లటివి తగలకూడదని పెద్దవాళ్ళు పట్టుబడతారు. ఈ గొంతు నొప్పికి చల్లదనం హాయినిస్తుంది. చల్లటి పెరుగు, ఐస్‌క్రీమ్ తినవచ్చు. నాలుగు రోజులుగా ఏమీ దిగని పిల్లవాడికి కప్పు ఐస్‌క్రీమ్ దిగితే ఆ కేలరీలు కూడా కావాల్సినవే.

పీజీ, దర్శిని, ఆంధ్ర మెస్, ఊరు

పీజీ భోజనంలో అన్నానికి లోటు ఉండదు. సాంబారు పల్చగా ఉంటుంది, కూర అంటే బంగాళాదుంప, చికెన్ వారానికి ఒకసారో రెండుసార్లో. కాబట్టి పీజీ మారాల్సిన పని లేదు, లోటు పూడ్చుకుంటే చాలు. మంచం పక్కన గుడ్లు ఉడికించే చిన్న మిషన్, ఒక డబ్బాలో వేయించిన పల్లీలు, కందిపొడి, రోజూ ఒక నందిని పెరుగు ప్యాకెట్. కందిపొడి, నెయ్యి వేసుకుంటే పీజీ అన్నమే మంచి భోజనం అవుతుంది, చివర్లో పెరుగు. కొందరు వంటవాళ్ళు అడిగితే రెండు గుడ్లు వేరుగా ఉడికించి ఇస్తారు, అడగడానికి మొహమాటపడకండి.

దర్శిని అంటే బెంగళూరులో వీధివీధినా ఉండే చిన్న టిఫిన్ హోటల్. దగ్గరే ఉంటుంది, వేడిగా ఉంటుంది, చవక. కానీ అక్కడ ఎక్కువగా నిలబడే తినాలి. ఈ జబ్బులో కౌంటర్ దగ్గర టోకెన్ కోసం, ఆపైన ప్లేటు పట్టుకుని నిలబడటం చిన్న పని కాదు. పార్సిల్ తెప్పించుకోండి. ఇడ్లీలు తేలిగ్గా దిగుతాయి గానీ వాటి మీదే రోజులు గడపలేం. దర్శిని మెనూలో నేను ముందు చూసేది బిసిబేళెబాత్, పొంగల్. రెండింటిలో పప్పు ఉంటుంది, మెత్తగా ఉంటాయి, నెయ్యి పడుతుంది. పొంగల్లో మిరియాలు గొంతుకు గుచ్చుకుంటే ఏరేయండి. రాగి ముద్ద నమలకుండా మింగేది కాబట్టి గొంతు బాగుపడ్డాక బాగా పనికొస్తుంది. పక్కన కాళు సారు ఉంటే, అంటే ఉలవలో అలసందలో వేసిన పులుసు, ప్రొటీన్ కూడా కలిసొస్తుంది.

ఆంధ్ర మెస్ మీద మనకున్న మమకారం నాకు తెలుసు. ముద్దపప్పు, నెయ్యి, చారు, గడ్డపెరుగు వరకు అంతకు మించిన మందు లేదు. ఆవకాయ, గోంగూర, వేపుళ్ళు గొంతు పూర్తిగా మానేదాకా పక్కన పెట్టాలి, అంతే. అక్కడికి వెళ్ళి రావడానికి ట్రాఫిక్‌లో గంట పోయేటట్టయితే మాత్రం వద్దు. ఫోన్ యాప్‌లో తెప్పించుకోవడం అన్నిటికంటే సులువు, అన్నిటికంటే ఖరీదు. బిర్యానీ వైపు వేలు పోకుండా పెరుగన్నం, గుడ్డు కూర, పప్పన్నం వైపు పోతే తప్పేం లేదు. ఓపిక లేని రోజున డబ్బు ఖర్చు పెట్టడం దండగ కాదు.

ఊరెళ్ళాలా అన్నదానికి నా జవాబు దూరాన్ని బట్టి మారుతుంది. హిందూపురం, అనంతపురం, చిత్తూరు వాళ్ళయితే ఆలోచించకుండా వెళ్ళండి. అనంతపురం, కర్నూలు వాళ్ళకు యశ్వంతపూర్ నుంచి కాచిగూడ వెళ్ళే వందేభారత్ రైలు ఉంది, పగటిపూట కూర్చుని వెళ్ళిపోవచ్చు. శ్రీకాకుళం, విశాఖ వాళ్ళకు ప్రయాణమే మళ్ళీ జ్వరం తెప్పించినంత పని చేస్తుంది. అప్పుడు అమ్మనో పెద్దమ్మనో ఇక్కడికి రప్పించుకోవడమో, బెంగళూరులోనే ఉన్న బంధువుల ఇంట్లో పది రోజులు ఉండటమో మేలు. ఎలా వెళ్ళినా సూట్‌కేసు మీరు మొయ్యకండి. ఈ జబ్బులో చాలామందికి ప్లీహం, అంటే ఎడమ పక్కటెముకల కింద ఉండే స్ప్లీన్, వాస్తుంది. డాక్టర్ సరేననేదాకా, కనీసం మూడు నాలుగు వారాలు, బరువులు ఎత్తడం, జిమ్, క్రికెట్, కబడ్డీ వద్దు. కడుపు ఎడమవైపు పైభాగంలో హఠాత్తుగా గట్టి నొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

గుడ్లా, పప్పా, పౌడరా

ఈ ప్రశ్నకు లెక్క వేసి చూపిస్తేనే నమ్మకం కుదురుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు కిలో బరువుకు రోజూ 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అరవై కిలోల మనిషికి యాభై గ్రాములన్నమాట. జబ్బుపడి లేచేటప్పుడు కొంచెం ఎక్కువ, కిలోకు ఒక గ్రాము నుంచి 1.2 గ్రాముల దాకా తీసుకోమంటారు. అంటే అరవై నుంచి డెబ్బై రెండు గ్రాములు.

ఇప్పుడు ప్లేటు చూడండి. రెండు గుడ్లు పన్నెండు గ్రాములు. పాలు, పెరుగు కలిపి అర లీటరు, పదిహేను. గట్టి పప్పు ఒక కప్పు, ఎనిమిది తొమ్మిది. గుప్పెడు పల్లీలు, ఏడు. రోజంతా తినే అన్నం, ఇడ్లీలలో ఇంకో పన్నెండు పదిహేను. దాదాపు యాభై అయిదు వచ్చింది. ఇంకో గుడ్డు వేసుకుంటే అరవైకి చేరుతుంది. చికెన్ వండిన రోజున వంద గ్రాముల ముక్కల్లోనే పాతిక గ్రాములు దొరుకుతాయి. గుడ్డు తినని ఇళ్ళల్లో మీల్ మేకర్‌ని చిన్నచూపు చూస్తారు గానీ ముప్ఫై గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో పదిహేను గ్రాముల ప్రొటీన్ ఉంది. నానబెట్టి, నీళ్ళు పిండేసి, పులగంలో వేస్తే ఉడికిపోతుంది.

అందుకని మామూలుగా తినగలిగేవాళ్ళకు పౌడర్ అక్కర్లేదు. రెండు మూడు వేలు పోసి డబ్బా కొనే బదులు నెలంతా గుడ్లు, పాలు, పెరుగు తెచ్చుకోవచ్చు. ఒక్క పరిస్థితిలో మాత్రం పౌడర్ వైపు మొగ్గుతాను. రెండు వారాలైనా ఘన పదార్థం దిగక, బరువు కిలోల్లో పడిపోతున్నప్పుడు పాలలో కలిపిన ఒక స్కూపు వే ప్రొటీన్ (పాల విరుగుడు నీటి నుంచి తీసే పొడి) ప్రాణం నిలబెడుతుంది. లివర్ రిపోర్టు బాగా తేడాగా ఉంటే కొనేముందు డాక్టర్‌ని అడగండి. మాల్టు పొడులు ప్రొటీన్ పౌడర్లు కావు. డబ్బా వెనక చక్కెర ఎంతో చదివితే మీకే తెలుస్తుంది.

మాత్రలు ముందా, టెస్టులు ముందా

ఇందులో నాకు సందేహం లేదు. టెస్టులే ముందు. దీర్ఘకాలం సాగే నీరసం జబ్బుల మీద 2021లో మార్గదర్శకాలు ఇచ్చిన బ్రిటన్ సంస్థ నైస్ కూడా విటమిన్లు, మినరల్స్ ఆ నీరసాన్ని నయం చేస్తాయనడానికి చాలినంత ఆధారం లేదనే చెప్పింది. లోపం ఉంటే పూడ్చడం వేరు, లోపం ఉందో లేదో తెలియకుండా ఆరు రంగుల మాత్రలు మింగడం వేరు. మన శాకాహారుల్లో బి12 తక్కువగా ఉండటం మామూలు. ఆడపిల్లల్లో ఐరన్ లోపం మామూలు. ఏసీ ఆఫీసులో పొద్దుగూకేదాకా కూర్చునేవాళ్ళకు విటమిన్ డి తగ్గడం మామూలు. ఈ మూడూ నీరసం తెస్తాయి. వైరస్ మీద తోసేసిన నీరసంలో సగం వీటిదే కావచ్చు.

జ్వరం తగ్గి మూడు నాలుగు వారాలైనా తేరుకోకపోతే సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బి12, విటమిన్ డి, థైరాయిడ్, షుగర్, లివర్ టెస్టులు చేయించమని డాక్టర్‌ని అడగండి. జ్వరం మధ్యలో ఫెరిటిన్ చేయిస్తే లాభం లేదు. ఒంట్లో వాపు ఉన్నప్పుడు అది పెరిగి కనిపిస్తుంది, ఐరన్ లోపం దాని వెనక దాక్కుంటుంది. బి12 ఇంజెక్షన్ వేయించుకోకముందే రక్తం ఇవ్వాలి, తర్వాత ఇస్తే అంకె అర్థం లేనిదవుతుంది. విటమిన్ డి 60,000 యూనిట్ల సాచెట్లు వారానికొకటి చొప్పున డాక్టర్ రాసినన్ని వారాలే. షాపులో అడిగి ఏడాదంతా వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, కిడ్నీ ఇబ్బందులు వస్తాయి.

మెడలో బిళ్ళలు నెల దాటినా కరగకపోయినా, రాత్రిపూట చెమటలు పట్టి తడిసిపోతున్నా, బరువు తగ్గుతూనే ఉన్నా తిండి మార్చి చూద్దామనుకోకండి. మన దేశంలో మెడ బిళ్ళలకు టీబీ కూడా కారణం కావచ్చు. డాక్టర్‌కి మళ్ళీ చూపించాలి.

కషాయం, పసరు, పథ్యం

ఇక్కడ కొంచెం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ప్రేమతోనే ఎక్కువ హాని జరిగేది ఇక్కడ. ఈ జబ్బులో చాలామందికి లివర్ ఎంజైములు పెరుగుతాయి. ఆ రిపోర్టు ఫోన్‌లో ఊరికి చేరగానే పచ్చకామెర్లని తేల్చేస్తారు. పసరు మందు పోయించమని ఒకరు, నూనె, ఉప్పు, పప్పు మాన్పించమని ఇంకొకరు. వైరస్ వల్ల పెరిగిన ఎంజైములు చాలావరకు వాటంతటవే కొన్ని వారాల్లో దిగుతాయి. ఉప్పు లేని చప్పిడి పథ్యం వల్ల లివర్‌కు ఒరిగేది లేదు, ఆకలి మాత్రం పూర్తిగా చస్తుంది. చెంచాడు నెయ్యి, పోపు పెట్టిన పప్పు తినవచ్చు.

ఇప్పటికే వాచిన లివర్ మీద ఏముందో తెలియని పసరు పోయడం మాత్రం ప్రమాదం. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్నవాళ్ళ కేసులను ముంబై డాక్టర్లు 2021లో ప్రచురించారు. అశ్వగంధ మాత్రలతోనూ, ఎక్కువ మోతాదు పసుపు క్యాప్సూల్స్‌తోనూ అలాంటి కేసులు వచ్చాయి. పాలలో చిటికెడు పసుపు, చారులో మిరియాలు, అల్లం టీ అలాంటివి కావు, అవి వంట. అమ్మకు అదే చెప్పండి. ఇమ్యూనిటీ డబ్బా వద్దు, సున్నుండలు పంపమనండి. మినుములు, బెల్లం, నెయ్యి, మంచం మీద నుంచే అందుకుని తినగలిగిన తిండి. మద్యం లివర్ రిపోర్టు మామూలయ్యేదాకా పూర్తిగా మానాలి. పారాసెటమాల్ కూడా డాక్టర్ చెప్పిన మోతాదు దాటకూడదు.

రోజుకు మూడు భోజనాలా, ఆరు చిన్న తిళ్ళా

ఈ దశకు ఆరే మేలు. కడుపు నిండా అన్నం తింటే నిద్ర ముంచుకొస్తుంది, ఖాళీగా ఉంచితే చేతులు వణుకుతాయి. రెండున్నర మూడు గంటలకోసారి ఏదో ఒకటి పడాలి. అరటిపండు, పల్లీపట్టీ, ఉడికిన గుడ్డు, గ్లాసు మజ్జిగ. హాప్‌కామ్స్ (కర్ణాటక ఉద్యాన రైతుల సహకార సంఘం) కొట్లో బొప్పాయి, జామ తీసుకోండి. జామలో విటమిన్ సి దండిగా ఉంటుంది, ఆకుకూరపప్పు తిన్నాక తింటే అందులో ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. ఫిల్టర్ కాఫీ దానికి సరిగ్గా ఎదురు. భోజనంతో పాటు తాగితే ఐరన్‌ని సరిగా పట్టనివ్వదు. కాఫీ మానమని నేను చెప్పను. భోజనానికి గంట ఎడం ఉంచి, మధ్యాహ్నం రెండు లోపు ఒకటో రెండో తాగండి. నీరసం కమ్మిన సాయంత్రాన ఎనర్జీ డ్రింకు తాగి పని సాగదీయడం మాత్రం వద్దు. ఆ గంట పనికి మర్నాడు రోజంతా మంచం మీద ఉంటారు.

కాస్త బాగున్న రోజున వారం బట్టలన్నీ ఉతికి, వారం కూరలన్నీ వండేయాలనిపిస్తుంది. అలా చేసినవాళ్ళు తర్వాత రెండు రోజులు లేవలేకపోవడం నేను చూశాను. బాగున్న రోజున కూడా చేయగలిగిన దానికంటే కొంచెం తక్కువే చేయండి. వండితే రెండు పూటలకు సరిపడా పులగం వండి, మిగిలింది వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. ఆఫీసుకు తిరిగి వెళ్ళే మొదటి వారం సగం రోజులైనా ఇంటి నుంచి పని అడగండి. వెళ్ళిన రోజున క్యాంటీన్ క్యూలో నిలబడకుండా బాక్సులో పెరుగన్నం, రెండు ఉడికిన గుడ్లు పట్టుకెళ్ళండి. సాయంత్రం నాలుగింటికి తినడానికి బ్యాగులో ఒక సున్నుండ కూడా వేసుకోండి.